ఏబీ స్విచ్ దగ్గర స్వరూప

స్వరూపకు కరెంటంటే భయం. కరెంటాఫీసులో జూనియర్ లైన్‌మన్‌గా చేరి మూడేళ్లయినా, రోజుకు రెండు మూడు స్తంభాలెక్కి దిగుతున్నా ఆ భయం పోలేదు. పోగొట్టుకోవాలని ఆమె ఎన్నడూ ప్రయత్నించలేదు కూడా.

మర్రిగూడ దగ్గర వాళ్ల ఊరు. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా మేనమామ గురవయ్య ఒక వానాకాలం పొద్దున బోరు మోటరు వేయడానికి పోయి, ఇనుప స్టార్టర్ డబ్బా ముట్టుకున్నాడు. ఆయన అరిచాడో లేదో ఎవరికీ తెలియదు. బువ్వ గిన్నె పట్టుకుని పోయిన స్వరూపే ముందుగా చూసింది. లేపుదామని పరుగెత్తబోతే పక్క చేను బీరమ్మ వెనక నుంచి జడ పట్టి గుంజి కింద పడేసింది. "ముట్టకే పిల్లా! ఇంక కరెంటున్నది!" అని గట్టిగా అరిచింది.

తండ్రి గాలయ్యకు నలభై అయిదేళ్లకే మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఆ ఊరి ఫ్లోరైడ్ నీళ్లు ఎందరికో చేసిందే ఆయనకూ చేశాయి. తల్లి నర్సింగమ్మ కూలికి పోయేది. పదో తరగతి అయ్యాక స్వరూప నల్లగొండ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు అడిగి చేరింది. గురవయ్య చచ్చిపోయిన సంగతి తెలిసిన వాళ్లంతా ఆశ్చర్యపోయారు. "భయమున్నోడే సరిగ నేర్చుకుంటడు తీయ్" అని తండ్రి ఒక్కడే ఆమె పక్కన నిలబడ్డాడు.

ఉద్యోగానికి స్తంభం ఎక్కి చూపించాలన్నారు. ఊరి చివర తీగలు లేని పాత స్తంభం ఒకటి ఉంటే రెండు నెలలు పొద్దున్నే దాని మీద సాధన చేసింది. తొడలు ఒరుసుకుపోయి రక్తం వచ్చేది. పరీక్షనాడు నిమిషం గడవకముందే ఎక్కి దిగింది. నల్లగొండలో పోస్టింగ్ వచ్చింది. మొదటి ఏడాది ఎక్కడికి పోయినా "లైన్‌మన్‌ను పంపుమంటే పిల్లను పంపిన్రేంది?" అనేవాళ్లు. ఆమె నడుముకు బెల్టు కట్టుకుని పైకి ఎక్కేది.

2025 ఏప్రిల్‌లో ఒక శనివారం ఆమెకు ఊరి బయట ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ దగ్గర డ్యూటీ పడింది.

నల్లగొండలో కొత్తగా కొలువులకొచ్చిన యువకులు కొందరు కలిసి 'సోపతి' అని, స్నేహమనే అర్థంలో, ఒక బృందం పెట్టుకున్నారు. ఐటీ టవర్‌లో పనిచేసేవాళ్లు, బ్యాంకుల్లో చేరినవాళ్లు, హౌస్‌సర్జన్లు, కొత్త టీచర్లు. కిరాయి గదుల్లో ఒంటరిగా ఉండేవాళ్లకు ఊరు అలవాటు కావాలని నెలకు రెండు శనివారాలు కలుసుకునేవాళ్లు. ఒకసారి పుస్తకాలు మార్చుకోవడం, ఒకసారి ఇన్‌కంటాక్స్ లెక్కల మీద తెలిసినవాళ్లతో మాట్లాడించడం, ఒకసారి లతీఫ్‌సాబ్ గుట్ట ఎక్కడం. దీన్ని నడిపేది నవీన్‌కుమార్. మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ములో పెరిగి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ కొలువులో కుదురుకున్నవాడు. ఈసారి అతను పెద్ద పనే తలకెత్తుకున్నాడు. హైదరాబాద్ నుంచి మూడు బృందాలు వచ్చి ఆరుబయట జాజ్ సంగీతం వినిపిస్తాయి. ప్రవేశం ఉచితం. చాపలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

మిర్యాలగూడ రోడ్డు మీద, ప్లాట్లు సగం కూడా అమ్ముడుపోని ఒక వెంచర్‌ను మైదానంగా తీసుకున్నారు. చుట్టూ గోడ, ముందర పెద్ద కమాను. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ఆ కమాను కిందనుంచే. ఒక మూల వెంచర్‌కు సొంత ట్రాన్స్‌ఫార్మర్, దాని స్తంభానికి మొత్తం సరఫరాను ఒకేసారి తెంపే ఏబీ స్విచ్.

లైన్ ఇన్‌స్పెక్టర్ కమలాకర్ ముందురోజే ఫోన్ చేశాడు. "నువ్వు గా ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఉంటే సాలు. ఫ్యూజు పోతే ఎయ్యి. పెద్దోళ్లొస్తున్నరు, కరెంటు పోవద్దు. గంతే."

శనివారం నాలుగింటికల్లా స్వరూప అక్కడికి చేరింది. వేదిక ముందర, రెండు పక్కలా జనాన్ని ఆపడానికి ఇనుప గొట్టాల బారికేడ్లు పెట్టారు. వాటికి బైండింగ్ తీగతో సీరియల్ బల్బుల వైర్లు బిగించి కట్టి ఉన్నాయి. వేదిక ముందరి వరుసలో బల్బులు వెలుగుతున్నాయి. ఆమె టెస్టర్ తీసి ఒక గొట్టానికి ఆనించింది. సన్నగా ఎర్రగా వెలిగింది.

అలంకరణ పని చూస్తున్న కృష్ణయ్యను పిలిచింది. ఆయన నవ్వాడు. "ఇరవై ఏండ్ల సంది పెండ్లిళ్లకు కడ్తున్న అక్కా. ఎవ్వల్కేం గాలే."

"వైర్లు ఇనుముకు కట్టొద్దు. కట్టెలు పాతి వాటికి కట్టున్రి. బల్బులకు వేరే స్విచ్ పెట్టున్రి. ఏమన్న అయితే మొత్తం బంద్ చేసే పని లేకుంట గవి ఒక్కటే తీసేటట్టుండాలె."

"చేయిస్తం మేడం," అన్నాడు పక్కనే ఉన్న నవీన్. అతని చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. పొద్దుట్నుంచి అన్నం తిన్నట్టు లేడు.

గంట తర్వాత వేదిక ముందరి వైర్లు కట్టెలకు మారాయి. స్విచ్ మాత్రం రాలేదు. కృష్ణయ్య ఇంకో పెండ్లి ఉందని వెళ్లిపోయాడని చెప్పారు. స్వరూప బారికేడ్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. తూర్పు గోడ పక్కన ఉన్న వరుసలో బల్బులు ఇంకా వెలిగించలేదు. వాటికి టెస్టర్ పెడితే ఏమీ రాలేదు. బల్బులు వేయించి చూడాల్సింది. ఆ సంగతి ఆమెకు తర్వాత తట్టింది.

అయిదున్నరకు జనం మొదలయ్యారు. ఏడు కొట్టేసరికి రెండు వేల మంది దాకా చాపల మీద, దుప్పట్ల మీద కూర్చున్నారు. చిన్నపిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్లు, ఆఫీసు నుంచి సంచులతో నేరుగా వచ్చినవాళ్లు. వేదిక పక్కన సోఫాల్లో అతిథులు. సౌండు చూసేది ఇస్రాయేలు. యాభై దాటిన మనిషి. చర్చి సభలకు, పెండ్లిళ్లకు మైకులు పెట్టి జీవితం గడిపాడు. వేదిక వెనక ఆయన జనరేటర్ సిద్ధంగా ఉంది. కరెంటు పోయిన నిమిషంలో అది అందుకుంటుంది.

మొదటి బృందంలో నలుగురు. ఒకాయన శాక్సఫోన్, ఒకాయన డ్రమ్స్, ఒకామె నిలువెత్తు తీగల వాయిద్యాన్ని భుజానికి ఆనించుకుని వేళ్లతో మీటుతోంది. నాలుగో అతను కీబోర్డు. స్వరూప ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద కూర్చుని విన్నది. ఇట్లాంటి సంగీతం ఆమె ఎన్నడూ వినలేదు. ఒకరు పాట వదిలేసి ఎటో తప్పిపోయినట్టు, మిగతావాళ్లు వెతుక్కుంటూ పోయి తోడు తెచ్చుకున్నట్టు ఉంది. తప్పిపోయిన ప్రతిసారీ ఆమెకు ఊపిరి ఆగినట్టయ్యేది. తిరిగొచ్చినప్పుడు తెలియకుండానే నవ్వొచ్చేది.

ఏడుంబావుకు దేవరకొండ దిక్కు మెరిసింది.

ఉరుము వినబడలేదు. కానీ గాలి ఒక్కసారిగా ఆగింది. కమాను మీద బ్యానర్ ఉన్నచోటనే వేలాడింది. స్వరూప లేచి నిలబడింది. ఆ తర్వాత దుమ్ము వాసన, దాని వెనకే గాలి వచ్చాయి. ఒక చాప లేచి మనుషుల తలల మీదుగా ఎగిరింది. కొందరు నవ్వారు.

ఆమె ఫోన్ తీసింది. "సార్, గాలిదుమారమొస్తాంది. బంద్ చెయ్యనా?"

"పాగలైనవా?" కమలాకర్ గొంతు వెనక ఎవరో గొడ్డలితో కొడుతున్న చప్పుడు. "పానగల్ కాడ చెట్టు వడ్డది, నేన్ గీడ ఉన్న. రెండు వేల మంది, గేటొక్కటే. చీకటైతే ఒగలమీద ఒగలు వడ్డరంటే ఎవ్వడు జవాబు చెప్పాలె? ఆగు. నేనొస్త."

ఆయన మాటలో తప్పు లేదు. ఆమె భయం కూడా అదే. చుక్కలు మొదలైతే ఇనుము తడుస్తుంది, మట్టి తడుస్తుంది. అట్లాగని కరెంటు తీస్తే చీకట్లో అంతమంది ఒక్క కమాను కిందికి ఉరుకుతారు.

మొదటి చుక్క ఆమె మోచేతి మీద పడింది. పెద్ద చుక్క.

స్వరూప తూర్పు గోడ వైపు పరుగెత్తింది. ఇప్పుడు అక్కడ బల్బులు వెలుగుతున్నాయి. నీలం, ఆకుపచ్చ, నీలం, ఆకుపచ్చ. వైర్లు ఇంకా గొట్టాలకే కట్టి ఉన్నాయి. టెస్టర్ పెట్టింది. భగ్గున వెలిగింది.

అవతలి పక్కనుంచి ఒకమ్మాయి వస్తోంది. మెడలో 'సోపతి' కార్డు, చేతుల్లో తడి నీళ్ల సీసాలు. బ్యాంకులో గుమాస్తా శ్రీదేవి. ఆనాడు అందరికీ నీళ్లు పంచే పని ఆమెది.

"ముట్టకు! ఆగు!" స్వరూప అరిచింది.

డ్రమ్స్ మోతలో అది ఆ అమ్మాయికి చేరలేదు. సందులోంచి దాటబోయి ఆమె గొట్టం మీద చెయ్యి వేసింది. మనిషి మొత్తం వెనక్కి విసిరినట్టు పడింది. సీసాలు దొర్లిపోయాయి.

స్వరూప ఇవతలే మోకాళ్ల మీద కూర్చుంది. చెయ్యి చాపబోయి ఆగింది. "మాట్లాడు! వినబడుతుందా? మాట్లాడు!"

శ్రీదేవి కళ్లు తెరిచే ఉన్నాయి. నోరు కదిలింది కానీ కాసేపు మాట రాలేదు. "భుజం... భుజం దాక జుమ్మన్నది," అన్నది చివరికి. గొట్టానికి దూరంగానే పడింది. అంతే నయం.

చుక్కలు చిక్కబడ్డాయి. కూర్చున్నవాళ్లు లేస్తున్నారు. చాపలు చుట్టుకుంటూ, గోడ పక్కన చెట్టు కిందికి పోదామని ఇటువైపే కదులుతున్నారు. పదిహేను అడుగుల దూరం కూడా లేదు.

సోపతి పిల్లలు ముగ్గురు శ్రీదేవిని చూసి పరుగెత్తుకొచ్చారు. "ఒక్కలు ఈమె కాడ కూసోన్రి. మిగిలినోళ్లు చేతులు చాపి అడ్డం నిలబడున్రి. గొట్టానికి మూడడుగులు ఇవతల. ఒక్కల్ను గూడ రానియ్యొద్దు. మీరు గూడ ముట్టొద్దు," అని వాళ్లకు చెప్పి స్వరూప వేదిక వెనక్కి ఉరికింది.

ఇస్రాయేలు ప్లాస్టిక్ పట్టాలు పరిచి మిషన్లు కప్పుతున్నాడు. నవీన్ అక్కడే ఉన్నాడు.

"అన్నా, బారికేడ్లకు కరెంటొచ్చింది. ఒకామెకు కొట్టింది. వేరే స్విచ్ లేదు, ఏబీ స్విచ్ గుంజాలె. నేను గుంజినంక నువ్వు జనరేటర్ వేస్తివా మళ్ల గదే కరెంటు గా గొట్టాలకే పోతది."

ఇస్రాయేలు వేరే ప్రశ్న వేయలేదు. వంగి జనరేటర్ బ్యాటరీ వైరు పీకి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు అన్నాడు. "సరే బిడ్డా. మరి చీకటైనంక జనం?"

నవీన్ మొహం పాలిపోయింది. "మైకు లేకుంటే నేనెట్ల చెప్పాలె? ఎటు పోవాల్నో వాళ్లకెట్ల తెలుస్తది?"

వాళ్ల మాటలు శాక్సఫోన్ వాయించే ఆయన చెవిన పడ్డాయి. వాయించడం ఆపి దగ్గరికి వచ్చాడు. "దీనికి కరెంటెందుకు? డ్రమ్ముకూ అక్కర్లేదు," అన్నాడు. "మేమిద్దరం గేటు దాకా వాయించుకుంటూ పోతే?"

కమాను బయట రోడ్డు లైట్లు వేరే లైను మీదున్నాయి. అవి వెలుగుతూనే ఉంటాయి. స్వరూప ఒక్క క్షణం ఆలోచించింది. "నవీన్ సార్, ఇప్పుడే మైకుల చెప్పున్రి. ఇనుము ముట్టొద్దు. లైట్లు మేమే తీస్తున్నం, బుగులు వడొద్దు. ఫోన్ల లైట్లు ఎయ్యిమనున్రి. పాట ఎటు పోతే గటే నడువుమనున్రి. రెండు నిమిషాలల్ల నేను గుంజుత."

"రెండు నిమిషాలేనా?"

"వాన చూడున్రి సార్!"

ఆమె ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి చేరేసరికి నవీన్ గొంతు వినబడుతోంది. మొదట తడబడ్డాడు. తర్వాత నిలదొక్కుకుని ఒక్కో మాటా రెండేసిసార్లు చెప్పాడు. అక్కడక్కడ ఫోన్ లైట్లు వెలిగాయి. స్వరూప రబ్బరు గ్లౌజులు తొడుక్కుంది. వానకు తడిసిన చేతులు సగంలోనే ఇరుక్కున్నాయి. పళ్లతో గుంజి సరిచేసుకుంది.

ఫోన్ మోగింది. కమలాకర్. స్పీకర్ వేసింది.

"స్వరూపా, దారిల ఉన్న. ఏం చెయ్యకు, నేనొచ్చినంక..."

"బారికేడ్లకు కరెంటొచ్చింది సార్. ఒకామెకు కొట్టింది. నేను బంద్ చేస్తున్న."

"ఆగమంటున్న గద! నేను..."

ఆమె హ్యాండిల్ పట్టి కిందికి గుంజింది. పైన మూడు బ్లేడ్లు ఒక్కసారే విడిపోయిన చప్పుడు అయింది.

చీకటి. రెండు వేల గొంతులు ఒక్కటై లేచాయి. ఎక్కడో చిన్నపిల్ల ఏడ్చింది. ఎవరిదో పేరు పట్టి ఎవరో పిలిచారు. స్వరూప హ్యాండిల్ వదలకుండా మనసులో లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. జనరేటర్ రాలేదు. నాలుగు, అయిదు. జనం కదులుతున్న చప్పుడు పెరుగుతోంది. ఆరు.

అప్పుడు డ్రమ్ము వినబడింది. తొందర లేదు. నడకకు సరిపడా దెబ్బలు. దాని వెంట శాక్సఫోన్ అందుకుంది. మైకు లేకపోయినా వానలోంచి తీసుకొచ్చి చెవికి ఇచ్చినట్టు స్పష్టంగా ఉంది. అది మెల్లగా కమాను వైపు కదులుతోంది. ఫోన్ లైట్లు ఒకటి, పది, వంద. ఆ వెలుతురంతా పాట వెనకే కదలడం స్వరూపకు కనిపించింది. తొక్కుకుంటున్నారో, నడుస్తున్నారో మాత్రం అంతదూరం నుంచి తెలియడం లేదు. పోయి చూడాలనిపించింది. కానీ హ్యాండిల్ వదిలి పోతే ఎవరైనా తిరిగి ఎక్కిస్తారు. తాళం వేద్దామంటే బండి డబ్బాలో ఉంది. బండి గేటు బయట.

అనుకున్నట్టే ఒకతను వచ్చాడు. తెల్లచొక్కా, తల మీద కండువా కప్పుకున్నాడు. అతిథుల వెంట వచ్చిన మనిషి. "ఎవలే కరెంటు తీసింది? సార్‌వాళ్లు చీకట్ల ఇర్కపోయిన్రు. ఎయ్యి!"

"ఎయ్య."

"ఎయ్యవా? జరుగు, నేనేస్త."

స్వరూప హ్యాండిల్‌కు వీపు ఆనించి నిలబడింది. "ఇప్పుడేస్తే మనుషులు సస్తరు. మీ సార్‌వాళ్లు గూడ అండ్లనే ఉన్నరు."

అతను ఒకడుగు ముందుకు వేశాడు. చెయ్యి ఎత్తాడు కూడా. కొట్టడానికో, ఆమెను పక్కకు నెట్టడానికో. ఆమె కదల్లేదు. అతని చెయ్యి దిగింది. "నీ పేరేంది? ఏ సెక్షన్?"

పేరు చెప్పింది. సెక్షన్ చెప్పింది. రేపు చూసుకుంటానని అతను వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని నిలబడింది.

మైదానం ఖాళీ కావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి శాక్సఫోన్ రోడ్డు మీద నుంచి వినబడి ఆగిపోయింది. ఒకామెకు చీలమండ బెణికింది. తప్పిపోయిన పిల్లవాడు చాయ్ బండి దగ్గర దొరికాడు. శ్రీదేవిని దవాఖానకు తీసుకుపోయారు. గుండె పరీక్షలు చేసి, రాత్రి ఉంచుకుని, పొద్దున ఇంటికి పంపారు.

కమలాకర్ నిలువునా తడిసి వచ్చాడు. ఏబీ స్విచ్‌కు తన తాళం వేశాడు. ఇద్దరూ టార్చి పట్టుకుని తూర్పు గోడ పక్కన వెతికారు. బైండింగ్ తీగ గట్టిగా బిగించినచోట వైరు తొడుగు తెగి, వేలి గోరంత రాగి బయటపడి గొట్టానికి తాకుతోంది. కమలాకర్ దానికి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

సోమవారం స్వరూపకు మెమో వచ్చింది. పై అధికారి అనుమతి లేకుండా, ముఖ్య అతిథులు ఉండగా సరఫరా నిలిపివేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని. ఆమె జరిగింది నాలుగు వాక్యాల్లో రాసింది. అయిదో వాక్యం కూడా రాసింది. సాయంత్రం బల్బులు వేయించి ఆ వరుసను పరీక్షించకపోవడం తన పొరపాటని. రాయొద్దని తోటివాళ్లు చెప్పారు. ఆమె తీసేయలేదు.

మరునాడు ఆఫీసులో పెద్దసారు ఆమెను, కమలాకర్‌ను పిలిచాడు. కాగితం చదివి తలెత్తాడు. "బంద్ చేసేముందు మీ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాలె గదమ్మా."

స్వరూప నోరు తెరిచి మూసుకుంది. కమలాకర్‌కు ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు ఉంది.

"చెప్పింది సార్," అన్నాడు కమలాకర్. "రెండుసార్లు చెప్పింది. నేనే ఆగుమన్న. ఆగితే గా తడి నేల మీద ఏమైతుండెనో నాకు నిద్ర వడ్తలేదు."

పెద్దసారు మెమో మీద ఏదో రాసి ఫైలులో పెట్టాడు. శిక్ష రాలేదు. మెచ్చుకోలు కూడా రాలేదు. బయటికి వచ్చాక కమలాకర్ బండి స్టార్ట్ చేస్తూ, "అయిదో లైను ఎందుకు రాసినవు బిడ్డా?" అని అడిగాడు.

"నిజమే గద సార్."

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

మే నెలలో ఒక శనివారం ఆమెకు సెలవు దొరికింది. శ్రీదేవి వదలకుండా ఫోన్ చేస్తే సోపతి వాళ్ల కలయికకు పోయింది. ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద పాతికమంది గుండ్రంగా కూర్చున్నారు. ఎవరు ఎక్కడ పనిచేస్తారో చెప్పుకుంటున్నారు. టెస్టింగ్ ఇంజనీరు, లెక్కల టీచరు, ఫార్మసిస్టు. స్వరూప వంతు వచ్చింది. పంజాబీ డ్రెస్సులో ఆమెను చాలామంది గుర్తుపట్టలేదు.

"కరెంటాఫీసుల చేస్త. స్తంభాలెక్కుత."

నాలుగైదు చప్పట్లు పడ్డాయి. ఆమె సిగ్గుపడి తల దించుకుంది. అంతలో చివర కూర్చున్న కొత్త టీచరమ్మ చెయ్యి ఎత్తింది.

"అక్కా, మా కిరాయి రూంల నల్లా ముట్టుకుంటే జర సుర్రుమంటాంది. నెల రోజులైతాంది. ఏమన్న అయితదా?"

స్వరూప అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటోంది.

"ఇల్లెక్కడ? ఇంట్ల ఇప్పుడెవలన్న ఉన్నరా? ఫోన్ చేసి మెయిన్ తియ్యిమను. పా, పోదాం."

"ఇప్పుడేనా అక్కా? ఇంకా చాయ్ రాలే..."

"ఇప్పుడే."